దేవుని ఎదుట ఒంటరిగా...

ఆమధ్య ఆదివారం ఆరాధన ముగిశాక ఒక యువకుడు నాకోసం ఆగాడు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. తాతగారు సంఘ పెద్దగా సేవ చేసినవారు. తండ్రి ఇప్పటికీ సంఘ లెక్కలు చూస్తున్నారు. ఆ అబ్బాయి సండేస్కూల్లో నా దగ్గరే కంఠత వాక్యాలు నేర్చుకున్నాడు. చాలాసేపు తటపటాయించి తన మనసులోని మాట బయటపెట్టాడు. తాను క్రైస్తవ ఇంట్లో పుట్టాడు కాబట్టి క్రైస్తవుడయ్యాడు, మరో ఇంట్లో పుట్టి ఉంటే ఆ ఇంటివారి మతంలోనే పెరిగేవాడు కదా, అలాంటప్పుడు తన విశ్వాసంలో తనదంటూ ఏముంది? ఇదీ అతని ప్రశ్న. ఇంట్లో అడిగితే తల్లిదండ్రులు బాధపడ్డారట, మళ్లీ అలా మాట్లాడవద్దన్నారట.

నేనతణ్ణి మందలించలేదు. ఎందుకంటే అది దారి తప్పినవాడి ప్రశ్న కాదు. దారి నిజంగా తనదో కాదో తెలుసుకోవాలనుకునే వాడి ప్రశ్న. సుమారు 180 ఏళ్ల క్రితం ఒక దేశం మొత్తాన్ని ఇదే ప్రశ్న అడిగి, అందుకు మూల్యం చెల్లించి, 42 ఏళ్లకే కన్నుమూసిన ఒక వ్యక్తి కథ అతనికి చెప్పాను. ఆయన పేరు సోరెన్ కీర్కెగార్డ్. డెన్మార్క్ దేశస్థుడు. అస్తిత్వవాదానికి ఆద్యుడని తత్వశాస్త్ర పుస్తకాలు ఆయన్ను పేర్కొంటాయి. కానీ తాను మొదటినుంచి చివరిదాకా క్రైస్తవం గురించే రాశానని ఆయన చెప్పుకున్నాడు.

మన తెలుగు క్రైస్తవులకు డెన్మార్క్ పరాయి దేశమేమీ కాదు. 1706లో తరంగంబాడిలో అడుగుపెట్టిన జీగెన్‌బాల్గ్‌ను పంపింది డెన్మార్క్ రాజు నాల్గవ ఫ్రెడెరిక్. ఆ మిషన్‌కే చెందిన బెంజమిన్ షుల్జ్ 18వ శతాబ్దంలోనే బైబిలును తెలుగులోకి తర్జుమా చేసేందుకు ప్రయాసపడ్డాడు. విలియం కేరీ బృందం 1818లో స్థాపించిన శ్రీరాంపూర్ కళాశాలకు పట్టాలిచ్చే అధికారాన్ని 1827లో ప్రసాదించింది కూడా డెన్మార్క్ రాజే, ఆరవ ఫ్రెడెరిక్. నాలాంటి ఎందరో పాస్టర్ల వేదాంత పట్టాకు ఆ రాజశాసనమే ఈనాటికీ ఆధారం. ఆ శాసనం వెలువడిన ఏడాది కోపెన్‌హాగెన్ నగరంలో ఒక పదమూడేళ్ల బక్కపలచని బాలుడు బడికి వెళ్తున్నాడు. అతడే కీర్కెగార్డ్.

కొండమీద ఒక శాపం

కీర్కెగార్డ్ కథ ఆయన తండ్రితో మొదలవుతుంది. తండ్రి మైఖేల్ డెన్మార్క్‌లోని జట్‌లాండ్ ప్రాంతపు నిరుపేద. చిన్నతనంలో గొర్రెలు కాసేవాడు. ఒకరోజు ఆకలికి, చలికి, ఒంటరితనానికి తాళలేక ఒక మిట్ట ఎక్కి నిలబడి దేవుణ్ణి శపించాడు. ఆ తర్వాత కొద్దికాలానికే అతని దశ తిరిగింది. కోపెన్‌హాగెన్‌లో మేజోళ్లు, ఉన్ని సరుకుల వ్యాపారం చేసే మేనమామ చేరదీశాడు. మైఖేల్ కష్టపడి నగరంలోని ధనికుల్లో ఒకడయ్యాడు. నలభై ఏళ్లకే వ్యాపారం నుంచి విరమించుకోగలిగినంత ఆస్తి కూడింది. 1813లో డెన్మార్క్ ప్రభుత్వమే దివాళా తీసి ఎన్నో కుటుంబాలు వీధిన పడినప్పుడు కూడా ఆయన సంపద చెక్కుచెదరలేదు.

అయితే ఆ ఐశ్వర్యం ఆయనకు దీవెనగా కనిపించలేదు. తాను శపించిన దేవుడు తనకు మేలు మీద మేలు చేస్తూ పోవడం ఆయనకు శిక్షకు ముందు నిశ్శబ్దంలా అనిపించింది. మొదటి భార్య పిల్లలు లేకుండానే చనిపోయింది. ఇంట్లో పనిచేసే ఆనె అనే స్త్రీని 1797లో పెళ్లి చేసుకున్నాడు. పెళ్లయిన అయిదు నెలలలోపే మొదటి బిడ్డ పుట్టింది. ఆ తప్పు కూడా ఆయన గుండెలో ముల్లయింది. ఏడుగురు పిల్లలు కలిగారు. తన పాపానికి శిక్షగా వాళ్లెవరూ ప్రభువైన యేసు ఈ లోకంలో జీవించిన వయసును దాటరని, తానే వాళ్లందరినీ పాతిపెట్టవలసి వస్తుందని ఆయన నమ్మాడు. అందుకు తగ్గట్టే అయిదుగురు ఒకరి తర్వాత ఒకరు రాలిపోయారు. మిగిలింది ఇద్దరే. పెద్దవాడు పీటర్, అందరిలోకీ చిన్నవాడు సోరెన్.

సోరెన్ 1813 మే 5న పుట్టాడు. అప్పటికి తండ్రికి 56 ఏళ్లు. ముసలితనంలో పుట్టిన కొడుకును ఆయన ప్రాణంగా ప్రేమించాడు. తాను నమ్మిన దేవుణ్ణి, తన భయాన్ని కూడా కలిపి ఆ పసివాడికి పోశాడు. ఆ ఇంట్లో ఆటపాటలకన్నా సిలువ మీద రక్తం కారుతున్న క్రీస్తు రూపమే ఎక్కువగా కనిపించేది. డేనిష్ భాషలో కీర్కెగార్డ్ అంటే చర్చి ఆవరణ, సమాధుల తోట అనే అర్థాలున్నాయి. ఆ ఇంటికి ఆ పేరు అన్నివిధాలా సరిపోయింది.

యువకుడైన సోరెన్ తండ్రి కోరిక మేరకు 1830లో కోపెన్‌హాగెన్ విశ్వవిద్యాలయంలో వేదాంత విద్యలో చేరాడు. కానీ చదువు సాగలేదు. నాటకాలు, విందులు, అప్పులు, హోటళ్లు... లోపల మాత్రం చెప్పలేని దిగులు. తండ్రి గతం గురించి తెలిశాక ఆ ఇంటి పునాదులే కదిలిపోయినట్లు అతనికి తోచింది. తప్పిపోయిన కుమారుడిలా దూరదేశం వెళ్లలేదుగానీ, అదే ఊళ్లో ఉంటూ తండ్రికి దూరమయ్యాడు. 1838లో మాత్రం ఇద్దరూ సమాధానపడ్డారు. ఆ ఏడాది మే 19న ఉదయం పదిన్నరకు తనను వర్ణించలేని ఆనందం ఆవరించిందని సోరెన్ తన డైరీలో రాసుకున్నాడు. గడియారం చూసి మరీ రాసుకున్న ఆనందమది! ఆగస్టు నెలలో తండ్రి కన్నుమూశాడు. బతికున్న తండ్రి మాటకన్నా, పోయిన తండ్రి మాటకు ఎక్కువ విలువిచ్చిన ఆ కొడుకు రెండేళ్లలో చదువు పూర్తిచేసి 1840లో పట్టా పుచ్చుకున్నాడు.

తిరిగి ఇచ్చేసిన ఉంగరం

అదే ఏడాది సెప్టెంబరులో రెగీనె ఓల్సెన్ అనే పద్దెనిమిదేళ్ల అమ్మాయితో నిశ్చితార్థం జరిగింది. ఇద్దరికీ ఒకరంటే ఒకరికి ప్రాణం. కానీ ఉంగరం తొడిగిన మర్నాడే తాను పొరపాటు చేశానని సోరెన్‌కు అనిపించింది. తన కుటుంబంలోని చీకటిని, తన దిగులును ఆ నవ్వులపిల్ల మీద మోపలేననుకున్నాడు. అవేవీ చెప్పకుండా కాపురం చేస్తే అది వివాహం కాదనుకున్నాడు. పైగా దేవుడు తనను మరో పనికి ప్రత్యేకించాడన్న తలంపు వెంటాడింది. 1841 ఆగస్టులో ఉంగరం తిప్పి పంపేశాడు. ఆ అమ్మాయి బతిమాలింది. ఆమె తండ్రి వచ్చి ప్రాధేయపడ్డాడు. ఆమె తనను అసహ్యించుకుంటేనే తొందరగా కోలుకుంటుందని భావించి, సోరెన్ ఊరందరి ముందూ తనను తాను రాతిగుండెవాడిగా చూపించుకున్నాడు. అక్టోబరులో బంధం పూర్తిగా తెగిపోయింది. ఆయన బెర్లిన్ వెళ్లిపోయాడు. రాత్రుళ్లు ఏడుస్తూ గడిపాడు.

ఇందులో ఆయన్ను పూర్తిగా సమర్థించడం నాకు చేతకాదు. ఒక ఆడపిల్ల మనసు విరిగింది, ఊరంతా చెవులు కొరుక్కుంది. తనకు తెలియని కారణాల కోసం ఆమె శిక్ష అనుభవించింది. ఎన్నో కుటుంబాలకు పెళ్లిళ్లు జరిపించిన పాస్టరుగా ఆ తండ్రి కన్నీళ్ల వైపే నా మనసు మొగ్గుతుంది. అయితే ఆ గాయంలోంచే ఆయన రచనలు పుట్టాయన్నది కాదనలేని నిజం. రెగీనె 1847లో ష్లెగెల్ అనే మంచి వ్యక్తిని వివాహమాడింది. కీర్కెగార్డ్ మరెవ్వరినీ చేసుకోలేదు. తన ఆస్తిని ఆమె పేరనే రాశాడు. ఆ దంపతులు దాన్ని మర్యాదగా నిరాకరించారు.

1843 నుంచి 1846 వరకు ఆయన కలం ఆగలేదు. ‘ఇదో అదో’, ‘భయము వణకు’, ‘ఆందోళన భావన’, ‘తాత్విక శకలాలు’ ఇలా పుస్తకం వెంట పుస్తకం. వాటిలో చాలామటుకు మారుపేర్లతో రాశాడు. పాఠకుడు రచయితను చూసి తల ఊపకూడదు, తన నిర్ణయం తానే తీసుకోవాలన్నది ఆయన ఉద్దేశం.

‘భయము వణకు’ మొత్తం ఆదికాండము 22వ అధ్యాయం మీద ధ్యానమే. మోరీయా పర్వతానికి ఇస్సాకును తీసుకెళ్లిన అబ్రాహాము గురించి మనం చిన్నప్పటినుంచీ ప్రసంగాలు వింటున్నాం. పొట్టేలు దొరుకుతుందని మనకు ముందే తెలుసు కాబట్టి కుర్చీలో హాయిగా వెనక్కి వాలి వింటాం. కీర్కెగార్డ్‌కు అది మింగుడు పడలేదు. మూడు రోజుల ప్రయాణం సంగతేమిటి? గాడిదకు గంత కట్టిన ఆ తెల్లవారుజామున అబ్రాహాము శారాతో ఏం చెప్పి ఉంటాడు? కత్తి పైకెత్తిన తండ్రి కళ్లలోకి చూసిన కొడుకు మళ్లీ ఆ తండ్రిని నమ్మగలడా? ఈ ప్రశ్నల్లోంచి నడవకుండా అబ్రాహామును విశ్వాసులకు తండ్రి అని పొగడడం తేలికపని అంటాడాయన. విశ్వాసమంటే ఫలితం తెలిశాక చప్పట్లు కొట్టడం కాదు. ఫలితం తెలియకముందే, ఎవ్వరికీ వివరించలేని స్థితిలో, దేవుని మీద ఆనుకొని అడుగు వేయడం.

అదే పుస్తకంలో మరో చక్కటి మాట ఉంది. అలాంటి విశ్వాసి చూడ్డానికి ఎలా ఉంటాడు? తలచుట్టూ వెలుగు, ముఖంలో గాంభీర్యం ఉంటాయా? ఉండవంటాడు. పన్నులు వసూలు చేసే మామూలు గుమాస్తాలా ఉంటాడట. సాయంత్రం ఇంటికి నడుస్తూ భార్య ఏం వండి ఉంటుందా అని ఆలోచిస్తాడట. లోపల మాత్రం సమస్తాన్నీ దేవునికి అప్పగించి, సమస్తాన్నీ దేవుని చేతినుంచి తిరిగి పొందినవాడు. ఇది చదివినప్పుడు నాకు మన పల్లె సంఘాల్లోని కొందరు తల్లులు గుర్తుకొస్తారు. కూలిపనికి వెళ్లొచ్చి, దీపం పెట్టుకుని మోకరించే ఆ తల్లుల పేర్లు ఏ పుస్తకంలోనూ ఉండవు.

అందరూ క్రైస్తవులే, మరి క్రైస్తవుడెవరు?

ఆనాటి డెన్మార్క్‌లో ప్రభుత్వానికీ సంఘానికీ తేడా లేదు. లూథరన్ సంఘమే రాజ్య సంఘం. పుట్టిన బిడ్డ బాప్తిస్మం పొందాల్సిందే. పాస్టర్లు ప్రభుత్వ జీతగాళ్లు. దేశంలో పుట్టడమూ, క్రైస్తవుడు కావడమూ దాదాపు ఒకటే. 1849లో కొత్త రాజ్యాంగం మత స్వేచ్ఛనిచ్చినా ఆ అలవాటు మారలేదు.

దీన్ని 1846 నాటి ఒక పుస్తకంలో ఆయన ఒక చిన్న ఇంటి ముచ్చటగా చెప్పాడు. ఒక గృహస్థుడికి తాను నిజంగా క్రైస్తవుడినేనా అన్న సందేహం వస్తుంది. భార్య విస్తుపోతుంది. నువ్వు డెన్మార్క్ వాడివి కావా, భూగోళ పుస్తకంలో ఈ దేశపు మతం ఏమిటని రాసుంది, యూదుడివి కావు, మహమ్మదీయుడివి కావు, ఆఫీసులో బుద్ధిగా పనిచేసుకుంటున్నావు, ఇక క్రైస్తవుడివి కాక మరేమిటని ఆమె తేల్చేస్తుంది. చదివితే నవ్వొస్తుంది. కానీ కాసేపాగితే ఆ నవ్వు మన గొంతులోనే ఆగిపోతుంది. సర్టిఫికెట్‌లో ఉన్న పేరు, సంఘ రిజిస్టరులో ఉన్న నంబరు, గోడమీది వాక్యపు క్యాలెండరు... వీటిని పక్కన పెడితే మనం క్రైస్తవులమని చెప్పడానికి ఇంకేం మిగులుతుంది?

ఆ కాలపు మేధావులకు హెగెల్ అనే జర్మన్ తత్వవేత్త ఆరాధ్యుడు. దేవుడు, చరిత్ర, మానవుడు అన్నిటినీ ఒకే చట్రంలో ఇమిడ్చి వివరించే వ్యవస్థ ఆయనది. క్రైస్తవం కూడా అందులో ఒక మెట్టుగా మారిపోయింది. కీర్కెగార్డ్ దీన్ని ఒప్పుకోలేదు. గొప్ప రాజభవనం కట్టి, తాను మాత్రం పక్కనున్న పాకలో కాపురముండే వాడితో అలాంటి తత్వవేత్తను పోల్చాడు. లోకంలోని సమస్తాన్నీ వివరించిన ఆ వ్యవస్థలో, రేపు చావబోయే నేను, ఈరోజు నిర్ణయం తీసుకోవలసిన నేను, పాపం చేసి పశ్చాత్తాపపడవలసిన నేను ఎక్కడున్నాను? ఈ నేను అనే వ్యక్తి అస్తిత్వాన్ని ముందుకు తెచ్చాడు కాబట్టే ఆ ఆలోచనా ధోరణికి తర్వాతి తరాలవారు అస్తిత్వవాదమని పేరు పెట్టారు.

సత్యం వ్యక్తిగతమని ఆయన అన్నదాన్ని చాలామంది అపార్థం చేసుకుంటారు. ఎవరికి నచ్చింది వారికి సత్యమని ఆయన భావం కాదు. డాక్టరు రాసిచ్చిన మందులచీటీలో ఉన్నది నిజమే. దాన్ని ఫ్రేము కట్టించి గోడకు తగిలిస్తే జ్వరం తగ్గదు. మింగితేనే తగ్గుతుంది. క్రీస్తు ప్రభువని ఒప్పుకునే విశ్వాస ప్రమాణం సత్యమే. కానీ అది నా నిర్ణయాల్లోకి, నా డబ్బులోకి, నా భయాల్లోకి దిగనంతవరకు నాకు సంబంధించినంతమటుకు అది ఫ్రేము కట్టిన చీటీయే. దయ్యాలు కూడా నమ్మి వణకుతున్నాయని యాకోబు పత్రిక రెండో అధ్యాయం హెచ్చరించింది దీని గురించే కదా!

నిస్పృహ అనే రోగం

1846లో ఆయనకు మరో దెబ్బ తగిలింది. కోపెన్‌హాగెన్‌లో ‘కోర్సార్’ అనే వ్యంగ్య పత్రిక ఉండేది. దాని తీరును విమర్శించి ఆయనే కయ్యానికి కాలు దువ్వాడు. ఆ పత్రిక నెలల తరబడి ఆయన బక్క కాళ్లను, పొట్టి ప్యాంటును, వంగిన వీపును బొమ్మలు గీసి ఎగతాళి చేసింది. రోజూ నగర వీధుల్లో నడుస్తూ కూలీతోనూ ప్రొఫెసరుతోనూ ఒకేలా కబుర్లాడడం ఆయనకు ప్రాణం. ఇప్పుడు వీధిలోకి వస్తే పిల్లలు కూడా వెంటపడి నవ్వేవారు. చెప్పినవాడి పేరుండదు, బాధ్యత ఉండదు, గుంపు మాత్రం నవ్వుతుంది. గుంపులో మనిషి తన మనస్సాక్షిని పోగొట్టుకుంటాడని ఆయన ఆనాడే గ్రహించాడు. సోషల్ మీడియాలో ముక్కూమొహం తెలియని వారి మాటలకు నలిగిపోయే నేటి మన పిల్లల బాధ ఆయనకు బాగా అర్థమై ఉండేది.

1848 ఈస్టర్ వారంలో ఆయన అంతరంగంలో ఒక మార్పు వచ్చింది. దేవుడు తన పాపాలను క్షమించడమే కాదు, వాటిని మరిచిపోయాడని కూడా నమ్మగలిగాడు. తండ్రి చేతినుంచి వారసత్వంగా వచ్చిన భయం మీద కృప గెలిచింది. మర్నాటి ఏడాది వెలువడిన ‘మరణకరమైన వ్యాధి’ ఆ వెలుగులో రాసిందే. ఆ పేరు యోహాను సువార్త 11వ అధ్యాయంలో లాజరు గురించి ప్రభువు పలికిన మాటనుంచి తీసుకున్నాడు. మనిషికి వచ్చే నిజమైన రోగం శరీరానిది కాదు, నిస్పృహ అంటాడు. తాను తానుగా ఉండలేకపోవడం, దేవుడు చేసిన తనను కాదని మరొకరిలా ఉండాలనుకోవడం, లేదా దేవుడక్కరలేదని మొండికెత్తడం, ఇవన్నీ నిస్పృహ రూపాలే. అన్నిటికన్నా ప్రమాదకరమైనది తనకా రోగం ఉందని తెలియకపోవడం. చేయి పోయినా, భార్య పోయినా, పదివేలు పోయినా మనిషికి తెలుస్తుంది. తనను తాను పోగొట్టుకుంటే మాత్రం చప్పుడే ఉండదు. ఆ రోగానికి విరుగుడు ధైర్యం కాదు, సానుకూల దృక్పథం అంతకన్నా కాదు. తనను సృష్టించిన దేవునిలో తన ఆత్మ నిలకడగా ఆనుకోవడమే విరుగుడు. దాని పేరే విశ్వాసం.

కోపెన్‌హాగెన్‌లోని అవర్ లేడీ చర్చిలో తోర్వాల్సెన్ అనే శిల్పి మలిచిన క్రీస్తు విగ్రహముంది. రెండు చేతులూ చాచి రమ్మని పిలుస్తున్నట్టుంటుంది. ప్రయాసపడి భారం మోస్తున్నవారిని ప్రభువు పిలిచే మత్తయి సువార్త 11వ అధ్యాయపు ఆహ్వానం దాని కింద చెక్కి ఉంటుంది. పాస్టరు కాకపోయినా కీర్కెగార్డ్ 1847లో శుక్రవారపు ప్రభువు బల్ల ఆరాధనలో అక్కడ నిలబడి ఆ వాక్యం మీదే మాట్లాడాడు. ఆయన్ను కేవలం దిగులు రచయితగా చూసేవారు ఆ చాచిన చేతుల ముందు నిలబడ్డ కీర్కెగార్డ్‌ను మరిచిపోతారు.

చివరి పోరాటం

1854 జనవరిలో బిషప్ మిన్‌స్టర్ మరణించాడు. ఆయన కీర్కెగార్డ్ తండ్రికి ఆత్మీయ గురువు, గొప్ప ప్రసంగీకుడు, దేశమంతటికీ గౌరవనీయుడు. సంతాప ప్రసంగంలో మార్టెన్‌సెన్ అనే వేదాంతి ఆయన్ను అపొస్తలుల కాలం నుంచి వచ్చిన సత్యసాక్షుల వరుసలో చేర్చాడు. కీర్కెగార్డ్ నివ్వెరపోయాడు. సత్యసాక్షి అంటే కొరడా దెబ్బలు తిన్నవాడు, చెరసాల చూసినవాడు, పేదరికంలో చచ్చినవాడు. జీవితమంతా రాజగౌరవాలు, మంచి జీతం, సుఖం అనుభవించినవాణ్ణి స్తెఫను పక్కన ఎలా నిలబెడతారు? ఆ మార్టెన్‌సెనే కొత్త బిషప్ అయ్యాడు. కొన్ని నెలలు మౌనంగా ఉన్న కీర్కెగార్డ్ 1854 డిసెంబరులో దినపత్రికలో బహిరంగంగా రాశాడు. 1855లో ‘క్షణం’ పేరుతో తన సొంత కరపత్రికను తొమ్మిది సంచికలు తెచ్చాడు. క్రొత్త నిబంధన క్రైస్తవం డెన్మార్క్‌లో లేనేలేదని, ఉన్నట్లు నటించడమే పెద్ద పాపమని ఆరోపించాడు. ఆయన అడిగింది దేశమంతా ఒక్కరోజులో పరిశుద్ధమైపోవాలని కాదు. మనం ఆ ప్రమాణానికి చాలా తక్కువగా ఉన్నామని ఒప్పుకొని కృపను ఆశ్రయించమని మాత్రమే.

1855 అక్టోబరు 2న ఆయన ఆసుపత్రిలో చేరాడు. అప్పటికే వీధిలో కుప్పకూలాడు, కాళ్లు చచ్చుబడ్డాయి. తండ్రి ఇచ్చిన ఆస్తి దాదాపు కరిగిపోయింది. అన్న పీటర్ కూడా పాస్టరే. ఆయన చూడ్డానికొస్తే రానివ్వలేదు. చిన్ననాటి స్నేహితుడు ఎమిల్ బోసెన్ మాత్రం పక్కన కూర్చునేవాడు. ఆయనా పాస్టరే. ప్రభువు బల్ల తీసుకుంటావా అని అడిగితే, ప్రభుత్వ జీతం తీసుకునే పాస్టరు చేతినుంచి వద్దన్నాడు, మామూలు విశ్వాసి ఇస్తే తీసుకుంటానన్నాడు. ఆనాటి నియమాల్లో అది కుదరదు. బల్ల లేకుండానే కన్నుమూయడానికి సిద్ధపడ్డాడు.

నేనీ భాగం చదివినప్పుడల్లా పుస్తకం మూసి కాసేపు కూర్చుంటాను. ఆయన తిప్పికొట్టింది నాలాంటివాణ్ణే. సంఘమిచ్చే జీతం, సంఘమిచ్చిన ఇల్లు, ముందు వరుసలో కుర్చీ, దండలు, శాలువాలు నాకూ ఉన్నాయి. ఆయన మంచం పక్కన రొట్టె, ద్రాక్షారసం పట్టుకుని నేను నిలబడి ఉంటే నా చేతినుంచి తీసుకునేవాడా? కచ్చితంగా అవునని చెప్పే ధైర్యం నాకు లేదు.

అయినా ఆ చివరి దినాల్లో ఆయన చేదుగా చనిపోలేదు. ప్రశాంతంగా ప్రార్థించగలుగుతున్నావా అని బోసెన్ అడిగితే, ముందు తన పాపాలకు క్షమాపణ వేడుకుంటానని, ఆ తర్వాత మరణ సమయంలో నిస్పృహకు లోనుకాకుండా ఉండాలని అడుగుతానని చెప్పాడు. క్రీస్తులో దేవుని కృపను ఆశ్రయించడమే ఆ సమాధానానికి కారణమా అంటే, అంతకుమించి మరేముందన్నట్టు బదులిచ్చాడు. నవంబరు 11న ప్రభువు పిలుపునందుకున్నాడు. ఏ సంఘంతో పోరాడాడో ఆ సంఘమే ఆయన అంత్యక్రియలు జరిపించింది. సమాధి దగ్గర ఆయన మేనల్లుడు, యువ వైద్యుడు, లేచి నిరసన తెలిపాడు. ఆయన కోరిన ప్రకారమే ఒక డేనిష్ కీర్తనలోని చరణాన్ని ఆయన రాతిమీద చెక్కారు. పోరాటం ముగిశాక యేసుతో మాట్లాడుకునే విశ్రాంతి గురించిన చరణమది.

మనకేమిటి?

డేనిష్ భాషలోనే రాయడం వల్ల చాలాకాలం ఆయన గురించి లోకానికి తెలియలేదు. మొదటి ప్రపంచ యుద్ధంలో ఐరోపా నాగరికత కుప్పకూలాక జర్మన్ అనువాదాల్లో ఆయన గొంతు వినబడింది. కార్ల్ బార్త్, బుల్ట్‌మన్, పాల్ టిల్లిక్ వంటి వేదాంతులు ఆయన దగ్గర నేర్చుకున్నారు. చౌకబారు కృపను ఖండిస్తూ 1937లో శిష్యత్వం గురించి పుస్తకం రాసి, 1945లో హిట్లర్ మనుషుల చేతిలో ఉరికంబమెక్కిన బానోఫర్ మీదా ఆయన ప్రభావముంది. సార్త్రే వంటివారు దేవుణ్ణి తీసేసి అస్తిత్వవాదాన్ని మాత్రం ఉంచుకున్నారు. ఒకే ప్రశ్న నుంచి రెండు దారులు చీలాయి. ఒంటరి మనిషి తనకు తానే అర్థం కల్పించుకోవాలన్నది ఒక దారి. ఒంటరి మనిషి దేవుని ఎదుట నిలబడాలన్నది మరో దారి.

ఆయన అన్నిటిలోనూ సరైనవాడని నేననను. దేవుని ఎదుట ఒక్కడిగా నిలబడడం గురించి చెప్పినంత బలంగా, ఒకరినొకరు మోసుకునే క్రీస్తు శరీరం గురించి ఆయన చివరి రోజుల్లో చెప్పలేకపోయాడు. అన్నకు తలుపు మూయడం నాకు బాధ కలిగిస్తుంది. కన్ను చేతితో నీవక్కరలేదని చెప్పజాలదన్న పౌలు మాట (1 కొరింథి 12) ఆయనకూ వర్తిస్తుంది. కానీ లోపం ఆయనలో ఉన్నదని ఆయన ప్రశ్నను పారేయలేం.

ఆయన చెప్పిన ఒక కథ ఉంది. నాటకశాల తెరవెనుక నిప్పంటుకుంది. విదూషకుడు పరుగున వచ్చి ప్రేక్షకులను హెచ్చరించాడు. అది కూడా హాస్యమేననుకుని వాళ్లు చప్పట్లు కొట్టారు. అతడు గొంతు చించుకున్నకొద్దీ చప్పట్లు పెరిగాయి. నేటి లోకం మన సువార్తను ఇలాగే వింటోందేమో! పెద్ద వేదికలు, సౌండ్ సిస్టమ్‌లు, యూట్యూబ్ ఛానెళ్లు అన్నీ ఉన్నాయి. జనం చప్పట్లు కొడుతున్నారు, లైకులు పెడుతున్నారు. కానీ నిప్పంటుకుందని ఎవరు నమ్ముతున్నారు? ఆధునిక ప్రపంచంలో క్రైస్తవ విశ్వాసానికి విలువ ఉందా అన్న ప్రశ్నకు జవాబు మన వాక్చాతుర్యంలో లేదు. విదూషకుడి వేషం తీసేసి, మనమే ముందు నిప్పును నమ్మి, కదులుతున్నామా లేదా అన్నదానిలో ఉంది.

కథంతా విన్నాక ఆ యువకుడు తానిప్పుడేం చేయాలని అడిగాడు. ఈ ప్రశ్నను నాకో, నాన్నకో వేయడం మాని, గది తలుపు వేసుకుని దేవునికే వేయమన్నాను. తాతగారి విశ్వాసం అతణ్ణి తలుపు దాకా తీసుకొచ్చింది. అది చిన్న మేలు కాదు. లోపలికి అడుగుపెట్టవలసింది మాత్రం అతడే. కొన్ని వారాల తర్వాత కనిపించి, తన ప్రశ్నకు ఇంకా పూర్తి జవాబు రాలేదని చెప్పాడు. కానీ చిన్నప్పుడు కంఠత పెట్టిన ప్రార్థన కాకుండా, మొదటిసారి తన సొంత మాటలతో దేవునితో మాట్లాడానన్నాడు. నాకు అది చాలనిపించింది.

ఆ రాత్రి నేనూ తలుపు వేసుకున్నాను. పాస్టరుగా కాదు, ప్రసంగం సిద్ధం చేసుకోవడానికీ కాదు. కేవలం ఒక మనిషిగా. రిజిస్టర్లు, పట్టాలు, పదవులు, ఇంటిపేర్లు ఏవీ చెల్లని ఒక దినం మనలో ప్రతి ఒక్కరికీ ఉంది. ఆ దినాన మనం నిలబడేది గుంపుగా కాదు, ఒక్కొక్కరుగా. అయితే అక్కడ మనకోసం ఎదురుచూసేది కొండమీద శపించిన పిల్లవాణ్ణి కూడా విడువని దేవుడు, చేతులు చాచి పిలిచే క్రీస్తు. ఆ చేతుల్లోకి ఈరోజే, ఒంటరిగానే, అడుగు వేద్దాం. అటువంటి కృప ప్రభువు మనకు దయచేయును గాక!